పక్కింటి పది

రెండో క్లాసు బోర్డు మీద
నాలుగువందల మూడులోంచి
నూట అరవై ఏడు తీసేయాలి.
మూడులోంచి ఏడు పోదు.
ఇక్కడిదాకా డలూత్ అయినా కావలి అయినా ఒకటే.

తర్వాతే దారులు చీలతాయి.
మా మునిసిపల్ స్కూల్లో కనకరత్నం టీచరు
తలుపు కొట్టినట్టు సుద్దముక్కతో బోర్డు మీద రెండుసార్లు కొట్టి
"పక్కింటికెళ్ళి ఒక పది అప్పు తెచ్చుకోండర్రా" అనేది.
వెళ్ళేవాళ్ళం.
ఇచ్చినవాడి ముఖం మీద అడ్డంగా ఒక గీత,
నెత్తిన ఒకటి తక్కువ అంకె.

ఇక్కడ మిసెస్ హాల్వర్సన్
అప్పు అనే మాట రానివ్వదు.
"అప్పయితే తిరిగివ్వాలి కదా, ఇది ఎవరూ ఇవ్వరు"
అని పసుపు ప్లాస్టిక్ పలక తీసి పది కడ్డీలు చేస్తుంది,
ఒక కడ్డీ తీసి పది గింజలు చేస్తుంది.
రీగ్రూపింగ్ అంటారు.
ఉన్నదాన్నే ఇంకోలా సర్దుకోవడం.

నిజమే.
గ్లాసు తలకొట్టి తెచ్చిన పంచదారని
గోపురం పెట్టి తిరిగిచ్చేది మా అమ్మ.
లెక్కల్లో మాత్రం ఇచ్చినట్టు గుర్తులేదు.
నలభై ఏళ్ళుగా
ఎన్ని పదులు బాకీనో.

నేను టీచర్ని కాను, సహాయకురాలిని.
వెనక బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని
కిందపడ్డ గింజలు ఏరడం,
ఆర్లో పెన్సిల్ నమలకుండా చూడడం నా పని.
అయినా ఉండబట్టలేక
వాడి కాగితం మీద, సున్నా నెత్తిన
చిన్న తొమ్మిది వేశాను.

"ఇదెక్కడిది?"

చెప్పాను.
మూడుకి అవసరం పడింది. పక్కింట్లో సున్నా.
వాళ్ళకే గతి లేదు.
లేదని తలుపేసుకోలేదు సున్నా,
తనే ఆ పక్క వందల ఇంటికి వెళ్ళి అడిగింది.
తెచ్చిన పది పదుల్లో
ఒకటి మూడుకిచ్చి, తొమ్మిది తన దగ్గర ఉంచుకుంది.

ఆర్లో పెన్సిల్ నమిలి, ఆలోచించి,
"సున్నా తెలివైంది" అన్నాడు.
రెండువందల ముప్పై ఆరు. సరిపోయింది.

పదిన్నరకి ఆరో క్లాసు.
గోడ మీద నిలువుగా గీసిన థర్మామీటరు.
ఋణ సంఖ్యలు.
ఆ పేరు ఇక్కడెవరికీ తెలీదు, నాలో నేనే అనుకుంటాను.
సున్నాకి ఇటు ధనం, అటు ఋణం,
సంఖ్యారేఖ మీద కూడా మాకు డబ్బు గొడవే.
మంచు చూడని పిల్లలకి ఇంకెలా చెబుతారు,
థర్మామీటరంటే మాకు నాలుక కింద పెట్టేది.
రెండు ఋణాలు గుణిస్తే ధనం అన్నరోజు
వెనక బెంచీ సూరీడమ్మ లేచి
"మా ఇంట్లో అలా జరగలేదండి" అంది.
మాస్టారు నవ్వబోయి ఆగిపోయాడు.

ఇక్కడి పిల్లలకి
సున్నా కింద ఏముందో చెవులకి తెలుసు.
పొద్దున బస్సెక్కేటప్పుడు మైనస్ ఎనిమిది,
ఇప్పుడు నాలుగు, ఎంత పెరిగింది?
"పన్నెండు" అంది ఇదిల్, తలెత్తకుండా,
"అయినా చలే."

సున్నా దాటింది కనక మధ్యాహ్నం ఆటలకి వదిలారు.
ఓడలాగిపోయిన సరస్సు మీంచి గాలి.
తలుపు దగ్గర ఆర్లో,
చేతులు చంకల్లో దాచుకుని.
పోయిన వస్తువుల డబ్బా తిరగేశాను.
ఒక టోపీ, ఒంటి బూటు,
తొడుగులు మూడు,
మూడూ ఎడమచేతివే.

నావి ఇచ్చాను.
వాడి మోచేతుల దాకా వచ్చాయి.
"ఎప్పుడు తిరిగివ్వాలి?" అన్నాడు.
రీగ్రూపింగ్ అందామనుకున్నాను.
నోట్లోంచి తెలుగే వచ్చింది.
వాడప్పటికే మంచుగుట్ట ఎక్కేశాడు.

మూడున్నరకి బస్ స్టాపు దాకా నడక.
కోటు జేబుల్లో
వేళ్ళు ఒక్కోటీ కదిపి చూసుకున్నాను.
పదీ ఉన్నాయి.